రైలు సిమ్యులేటర్‌లో పాయింట్ మార్చడానికి ఏ ఆట మేలు, ఏ కీ మేలు?

మొన్న సెలవులకు వచ్చిన మా మేనల్లుడు ల్యాప్‌టాప్ ముందు నుంచి ఒక్కసారిగా కేకేశాడు. “మావయ్యా, జి నొక్కుతూనే ఉన్నాను, పాయింట్ మారట్లేదు!” వెళ్లి పక్కన కూర్చున్నాను. పాయింట్, అంటే బండిని ఒక లైన్ నుంచి ఇంకో లైన్‌కి మళ్లించే పట్టాల అమరిక, మారుతూనే ఉంది. వాడు టెన్షన్‌లో నాలుగుసార్లు నొక్కాడు. మొదటిసారికి పాయింట్ లూప్ లైన్‌కి (మెయిన్ లైన్ నుంచి విడిపోయి మళ్లీ దానిలోనే కలిసే పక్క లైన్‌కి) పడింది, రెండోసారికి మెయిన్‌కి తిరిగొచ్చింది, మూడోసారికి మళ్లీ లూప్, నాలుగోసారికి మళ్లీ మెయిన్. సరిసంఖ్యలో నొక్కాడు కాబట్టి మొదట ఎలా ఉందో అలాగే మిగిలింది. ఇంజిన్ మాత్రం మెయిన్ మీదే దూసుకుపోయి, అక్కడ నిలబడి ఉన్న గూడ్స్ బండిని గుద్దింది.

వాడికి కీ తెలుసు. పాయింట్ ఎటు పడి ఉందో తెలియదు, అంతే. రైలు సిమ్యులేటర్ (కంప్యూటర్‌లో రైలు నడిపే ఆట) కొత్తగా పెట్టుకున్నవాళ్లు “ఏ ఆటలో ఏ కీ?” అని అడుగుతుంటారు. ఆ పట్టిక కింద ఇచ్చాను, రెండు నిమిషాల్లో బట్టీ పట్టేయొచ్చు. కానీ ఆటను ఎంచుకునేటప్పుడు చూడాల్సింది వేరే ఉంది. కీ నొక్కే ముందు పాయింట్ స్థితి మీ కంటికి ఎంత తేలిగ్గా కనిపిస్తుంది? నాలుగైదు ఆటల్లో ఏళ్ల తరబడి షంటింగ్ (వ్యాగన్లను లైన్లు మార్చి సర్దే పని) చేశాక నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించింది ఇదే.

ముందు మాటల సంగతి. లైన్ మార్చే ఈ అమరికను మన రైల్వేలో పాయింట్ అంటారు. అమెరికా వాళ్లు స్విచ్ అంటారు, అందుకే కొన్ని ఆటల మెనూలో స్విచ్ అని కనిపిస్తుంది. ట్రెయిన్జ్, ట్రెయిన్ సిమ్యులేటర్ క్లాసిక్ ఆటల్లో జంక్షన్ అని రాసి ఉంటుంది. మనకి జంక్షన్ అంటే కాజీపేటో, గుంతకల్లో, డోర్నకలో. అక్కడ మాత్రం ఒక్క పాయింట్‌నే జంక్షన్ అంటారు. మూడూ ఒకటే.

ఎంచుకునే ముందు చూడాల్సినవి

మొదటిది ఇప్పుడే చెప్పాను: పాయింట్ ఎటు పడి ఉందో తెర మీద కనిపిస్తుందా? కనిపిస్తే, రైలు నడుపుతూనే చూడొచ్చా, లేక వేరే మ్యాప్ తెరవాలా?

రెండోది, ఎన్ని పాయింట్ల అవతలి దాకా చేయి చాపగలం? ఒక కీ సాధారణంగా మీకు దగ్గరున్న ఒక్క పాయింట్‌నే మారుస్తుంది. మెయిన్ లైన్ మీద ఒక స్టేషన్ లూప్‌లోకి వెళ్లడానికి అది చాలు. యార్డులోకి వెళ్తే, ఆరో లైన్‌కి చేరాలంటే వరుసగా నాలుగైదు పాయింట్లు సరిగ్గా పడాలి. ప్రతిదాని ముందు ఆగి ఒక్కో కీ నొక్కుకుంటూ వెళ్తే అరగంట షంటింగ్ గంటన్నర అవుతుంది.

మూడోది, వెనక పాయింట్. కొత్తవాళ్లు ఎక్కువగా తికమక పడేది ఇక్కడే. వెనక అంటే ఇంజిన్ వెనక అనుకుంటారు. మొత్తం రైలు వెనక అని అర్థం, అంటే చివరి వ్యాగన్ తర్వాత వచ్చే పాయింట్. మన బొగ్గు మోసే బాక్స్‌ఎన్ రకం రేకులో, అంటే ఒక బండికి తగిలించిన వ్యాగన్ల వరసలో, 58 వ్యాగన్లు ఉంటాయి, అన్నీ కలిపితే సుమారు 620 మీటర్ల పొడవు. ఇంజిన్ పాయింట్ దాటింది కదా అని మార్చబోతే ఎలా మారుతుంది? ఇంకా సగం రేకు దాని మీదే ఉంది. ఏ మంచి సిమ్యులేటరూ బండి కింద పాయింట్‌ని కదలనివ్వదు, కదలనివ్వకూడదు కూడా.

నాలుగోది సిగ్నళ్లతో సంబంధం. మెయిన్ లైన్ మీద సిగ్నల్ పచ్చగా ఉందంటే ఆ దారిలో పాయింట్లన్నీ మీ కోసం కట్టేసి ఉన్నాయని లెక్క. అప్పుడు ఆట మీ కీని పట్టించుకోకపోవచ్చు. కొత్తవాళ్లకి అది విసుగు పుట్టిస్తుంది. 2023 జూన్ 2న ఒడిశాలోని బహానగా బజార్ దగ్గర కోరమండల్ ఎక్స్‌ప్రెస్‌కి సిగ్నల్ మెయిన్‌కి ఇచ్చి, పాయింట్ లూప్‌కి పడి ఉండటం వల్లే బండి వెళ్లి లూప్‌లో నిలబడిన గూడ్స్‌ని ఢీకొట్టింది. వందల మంది ప్రాణాలు పోయాయి. సిగ్నల్ ఒక మాట, పాయింట్ ఇంకో మాట చెప్పకుండా చూసే ఇంటర్‌లాకింగ్ ఎంత విలువైనదో అది తెలిసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. ఆటలో ఆ తాళం ఉన్నందుకు నాకు సంతోషమే.

ఐదోది మీ కీబోర్డు. ల్యాప్‌టాప్ అయితే ఇది నిజంగా పెద్ద విషయం. చివర్లో విడిగా రాస్తాను.

ఒక చూపులో

| ఆట | ముందున్న పాయింట్ | వెనకున్న పాయింట్ | వేరే మార్గం |
|---|---|---|---|
| మైక్రోసాఫ్ట్ ట్రెయిన్ సిమ్యులేటర్ | జి | షిఫ్ట్ + జి | ఎఫ్8తో స్థితి చూడొచ్చు |
| ఓపెన్ రైల్స్ | జి | షిఫ్ట్ + జి | ఎఫ్8 విండోలో క్లిక్, ఆల్ట్ + ఎడమ క్లిక్, డిస్పాచర్ విండో |
| ట్రెయిన్ సిమ్యులేటర్ క్లాసిక్ | జి | షిఫ్ట్ + జి | 9 నొక్కితే వచ్చే మ్యాప్‌లో క్లిక్ |
| ట్రెయిన్జ్ | జె | షిఫ్ట్ + జె | పాయింట్ మీది బాణం గుర్తుపై క్లిక్ |
| ట్రెయిన్ సిమ్ వరల్డ్ | దిగి వెళ్లి లీవర్ లాగాలి | అదే | 9 నొక్కి మ్యాప్‌లోంచి |

ఓపెన్ రైల్స్ (దాని వెనక మైక్రోసాఫ్ట్ ఆట)

2001లో వచ్చిన మైక్రోసాఫ్ట్ ట్రెయిన్ సిమ్యులేటర్‌తోనే మాలో చాలామందికి ఈ పిచ్చి పట్టుకుంది. జి, షిఫ్ట్ + జి అలవాటు కూడా అక్కడిదే. ఇప్పుడు ఆ ఆటను నేరుగా నడపమని ఎవరికీ చెప్పను. దాని రూట్లు, ఇంజిన్లు దగ్గరుంటే ఓపెన్ రైల్స్‌లో పెట్టి నడపండి. ఇది ఉచితం, దీని సోర్స్ కోడ్ కూడా అందరికీ తెరిచే ఉంటుంది. మన దేశపు అభిమానులు పాత ఆట కోసం కష్టపడి తయారు చేసిన భారతీయ ఇంజిన్లు, బోగీలు కూడా ఇందులో పనికొస్తాయి.

పాయింట్ల విషయంలో నా ఓటు దీనికే. ఒకే పనికి నాలుగు దారులు ఇస్తుంది. మొదటిది జి కీ. రెండోది ఎఫ్8 నొక్కితే వచ్చే చిన్న విండో. అందులో మీ ముందున్న పాయింట్ పైన, వెనకున్న పాయింట్ కింద బొమ్మలుగా కనిపిస్తాయి. ఆ బొమ్మ మీద క్లిక్ చేసినా పాయింట్ మారుతుంది. మూడోది, ఆల్ట్ పట్టుకుని బయట పట్టాల మీద కనిపిస్తున్న పాయింట్‌నే ఎడమ బటన్‌తో క్లిక్ చేయడం. నాలుగోది డిస్పాచర్ విండో, అంటే పై నుంచి చూసే లైన్ల పటం.

ఈ ఎఫ్8 విండోని దగ్గరగా చూడండి. పాయింట్ బొమ్మ ఆకుపచ్చగా ఉంటే ఖాళీగా ఉన్నట్టు, మీరు మార్చవచ్చు. ఎర్రగా ఉంటే ఏదో బండి దాని మీద ఉన్నట్టు, లేదా దాన్ని ఒక బండి కోసం రిజర్వ్ చేసి పెట్టినట్టు. ఎర్రగా ఉన్నప్పుడు జి ఎంత నొక్కినా వేలు నొప్పే తప్ప ఫలితం ఉండదు. పక్కనే ఒక బాణం, ఒక కన్ను గుర్తు కూడా ఉంటాయి. బాణం రైలు కదిలే దిక్కు చెబుతుంది, కన్ను మీరు చూస్తున్న దిక్కు చెబుతుంది. ఇంజిన్ వెనక్కి నడుపుతున్నప్పుడు ఈ రెండూ చెరో వైపు ఉంటాయి. రివర్సర్ (ఇంజిన్ ముందుకో వెనక్కో అని మార్చే లీవర్) వెనక్కి తిప్పినంత మాత్రాన జి కీకి ‘ముందు’ అనే దిక్కు మారిపోదు. బండి వెనక్కి వెళ్తోంది కాబట్టి జి నొక్కితే చాలనుకుంటే, మీరు విడిచి వచ్చిన వైపు పాయింట్ మారుతుంది. అప్పుడు కావాల్సింది షిఫ్ట్ + జి. నేను ఇది నేర్చుకోవడానికి ఒక సాయంత్రమంతా పట్టింది. మీకు ఐదు నిమిషాలు పడితే చాలని ఇంత వివరంగా రాస్తున్నాను.

ఇంకో మెలిక ఉంది. యాక్టివిటీ అనే ముందే రాసిపెట్టిన ప్రయాణాన్ని ఎంచుకుంటే, మీ దారిని ఆటే నిర్ణయించి పాయింట్లు వేసుకుంటూ పోతుంది. మధ్యలో మీరు సొంతంగా షంటింగ్ చేయాలంటే బండి ఆపుకుని కంట్రోల్ + ఎం నొక్కి మాన్యువల్ మోడ్‌లోకి వెళ్లాలి. అక్కడ సిగ్నల్ దానంతటదే పడదు, ట్యాబ్ నొక్కి అడగాలి. వెనక్కి వెళ్లే దిశకైతే షిఫ్ట్ + ట్యాబ్. పని అయ్యాక బండిని దాని అసలు దారి మీదికి తెచ్చి మళ్లీ కంట్రోల్ + ఎం నొక్కాలి. ఇంత తతంగం వద్దనుకుంటే, ముందే రాసిపెట్టిన ప్రయాణం లేని ఎక్స్‌ప్లోర్ మోడ్‌లో మొదలుపెట్టండి, పాయింట్లు చాలావరకు మీ చేతిలోనే ఉంటాయి.

తప్పుగా పడి ఉన్న ట్రెయిలింగ్ పాయింట్ మీదుగా వెళ్తే ఓపెన్ రైల్స్ ఊరుకోదు. బండి అదుపు తప్పిందని ప్రకటించి ఆపేస్తుంది. రెండు లైన్లు ఒకటయ్యే వైపు నుంచి వచ్చినప్పుడు అది ట్రెయిలింగ్, ఒకటి రెండుగా చీలే వైపు నుంచి వచ్చినప్పుడు ఫేసింగ్. చాలామంది ఫేసింగ్ పాయింట్‌నే చూసుకుంటారు, ట్రెయిలింగ్‌ని వదిలేస్తారు. నిజం రైల్వేలో దీన్నే పాయింట్ బర్స్ట్ అయిందంటారు. పాయింట్ పాడవుతుంది, విచారణ జరుగుతుంది. ఆట కాబట్టి మళ్లీ మొదలుపెడితే సరిపోతుంది.

లోటు లేదా అంటే ఉంది. రూట్లు, బండ్లు మీరే వెతుక్కోవాలి, ఫోల్డర్లు సరిగ్గా పెట్టుకోవాలి. కంప్యూటర్‌తో అంతగా చనువు లేనివాళ్లకి మొదటి వారం కొంచెం కష్టమే. కీ నచ్చకపోతే మాత్రం ఆప్షన్స్‌లోని కీబోర్డు పేజీకి వెళ్లి ప్రతి కీనీ మార్చుకోవచ్చు. ఎడమ చేతివాటం ఉన్నవాళ్లు దీన్ని తప్పకుండా వాడుకోవాలి.

ట్రెయిన్ సిమ్యులేటర్ క్లాసిక్

2007లో రైల్ సిమ్యులేటర్‌గా పుట్టి, 2009లో రైల్‌వర్క్స్ అయి, ఆ తర్వాత ఏటా కొత్త పేరు పెట్టుకుంటూ వచ్చి, చివరికి 2022లో క్లాసిక్ అని స్థిరపడింది. కీలు మాత్రం పాతవే, జి, షిఫ్ట్ + జి. ఓపెన్ రైల్స్ నుంచి వచ్చినవాళ్ల వేళ్లకి కొత్తగా నేర్చుకునేదేమీ ఉండదు.

తేడా ఎక్కడంటే, పాయింట్ స్థితి ఎప్పుడూ తెర మీద మూలన కనిపించే ఏర్పాటు ఓపెన్ రైల్స్‌లో ఉన్నంత సుఖంగా ఇక్కడ ఉండదు. 9 నొక్కి మ్యాప్ తెరవాలి. మ్యాప్ బాగుంటుంది. యార్డు మొత్తం కనిపిస్తుంది, పాయింట్ల మీద ఒక్కొక్క క్లిక్‌తో నాలుగైదింటిని వరుసగా సర్దేసుకోవచ్చు. అయితే బండి కదులుతుండగా మ్యాప్‌లో మునిగిపోతే ప్రమాదం. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకి 16 మీటర్లకు పైగా వెళ్తుంది. మ్యాప్‌లో పది సెకన్లు వెతికారంటే 160 మీటర్లు దాటిపోయారు. ఈలోగా ఎర్ర సిగ్నల్ వచ్చి ఉంటే చూసే నాథుడు లేడు. అందుకే నా పద్ధతి ఇది: బండి ఆగి ఉన్నప్పుడే మ్యాప్, కదులుతున్నప్పుడు జి మాత్రమే.

సినారియోల్లో, అంటే ముందే రాసిపెట్టిన ప్రయాణాల్లో, డిస్పాచర్ (బండ్ల దారులు నిర్ణయించే ఆటలోని కంట్రోలర్) మీ దారి పాయింట్లు వేస్తాడు. మీరు అడ్డం పడి మార్చారంటే సిగ్నళ్లు ఎర్రగా మారి, సినారియో చిక్కుపడి కూర్చుంటుంది. పాయింట్లు మార్చే సరదా కోసమే ఆడేవాళ్లు ఫ్రీ రోమ్‌లో, అంటే ఇష్టమొచ్చినట్టు తిరిగే పద్ధతిలో, ఆడుకోవాలి. ఎర్ర సిగ్నల్ దాటడానికి అనుమతి అడగాలంటే ముందువైపు ట్యాబ్, వెనకవైపు కంట్రోల్ + ట్యాబ్. గమనించండి, ఇక్కడ కంట్రోల్, ఓపెన్ రైల్స్‌లో షిఫ్ట్. రెండు ఆటలూ ఆడేవాళ్లు ఇక్కడ తప్పకుండా పొరబడతారు.

ట్రెయిన్జ్

ఇది ఆస్ట్రేలియా నుంచి వచ్చిన ఆట, ఇదీ 2001లోనే మొదలైంది. ఇందులో కీ జె. వెనకకి షిఫ్ట్ + జె. జి అలవాటైన వేలు మొదటి రెండు రోజులు తడబడుతుంది, మూడో రోజుకి సర్దుకుంటుంది. కీబోర్డు మీద జి, జె మధ్య ఒక్క అక్షరమే కదా.

ట్రెయిన్జ్ గొప్పదనం కీలో లేదు. ప్రతి పాయింట్ మీదా ఆకుపచ్చ, ఎర్ర బాణాలు కనిపిస్తాయి. ఆకుపచ్చ బాణం ఎటు చూపిస్తే బండి అటు వెళ్తుంది. ఏడేళ్ల పిల్లాడికి కూడా చెప్పక్కర్లేదు. బాణం మీద నొక్కితే పాయింట్ మారిపోతుంది. నేను మొదట పెట్టుకున్న ‘కంటికి కనిపించాలి’ అనే ప్రమాణంలో, మెయిన్ తెర మీదే ఇంత స్పష్టంగా చూపించేది ఇదే. యార్డులో కెమెరాని పైకి లేపి, కనిపిస్తున్న పాయింట్లన్నిటి మీదా టకటకా నొక్కుకుంటూ దారి పరిచేయొచ్చు.

మరి ఎందుకు మొదటి స్థానం ఇవ్వలేదు? బాణాలు చూసుకుంటూ నడిపితే సిగ్నల్ చూడటం మర్చిపోతాం. బొమ్మ రైలు ఆడుకుంటున్నట్టు ఉంటుంది. సొంతంగా రూట్ కట్టుకుని, పట్టాలు పరిచి, పల్లెలు పెట్టి, చివర్లో బండి నడుపుకునేవాళ్లకి అది లోటు కానే కాదు, వాళ్లకి అదే కావాలి. 2019 సంచికలో ఇంటర్‌లాకింగ్ టవర్లు కూడా వచ్చాయి కాబట్టి, ఓపిక ఉన్నవాళ్లు నిజమైన దారి తాళాలు కూడా అమర్చుకోవచ్చు.

ట్రెయిన్ సిమ్ వరల్డ్

ఇక్కడ మిమ్మల్ని ఒక మనిషిగా ఇంజిన్‌లో కూర్చోబెడతారు. చేతి లీవర్ ఉన్న పాయింట్ మార్చాలంటే బ్రేక్ వేసి, తలుపు తీసుకుని దిగి, కంకర మీద నడిచి, లీవర్ లాగి, మళ్లీ ఎక్కాలి. మొదటిసారి చేసినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది. చేతిలో జెండా పట్టుకుని పట్టాల వెంట నడిచే పాయింట్స్‌మ్యాన్ పని ఎంత ఓర్పుతో కూడినదో అప్పుడు అర్థమవుతుంది. పదోసారి నడిచేటప్పుడు మాత్రం 9 నొక్కి మ్యాప్‌లోంచి మార్చేస్తాం.

ఇందులో పాయింట్ల కోసం మీరు కీబోర్డు కీ వెతుక్కోవడం దండగ, ఆ ఆలోచన మీద కట్టిన ఆట కాదు. మెయిన్ లైన్ టైమ్‌టేబుల్‌లో దారి సంగతి డిస్పాచర్ చూసుకుంటాడు, మీరు చూసుకోవాల్సింది సిగ్నలూ వేగమూ. నిజానికి మన లోకో పైలట్ పరిస్థితి కూడా ఇదే. విజయవాడ యార్డులో ఏ పాయింట్ ఎటు పడాలో ఆయన చేతిలో లేదు, ప్యానెల్ దగ్గర కూర్చున్నవాళ్ల చేతిలో ఉంటుంది. కాబట్టి ‘నిజం లాగా ఉండాలి’ అనేవాళ్లు ఈ ఆటలో పాయింట్ కీ లేదని బాధపడక్కర్లేదు. 2023లో వచ్చిన నాలుగో సంచిక నుంచి ఫ్రీ రోమ్ కూడా ఉంది.

దీనికి గట్టి గ్రాఫిక్స్ కార్డు కావాలి. మామూలు ఆఫీసు ల్యాప్‌టాప్ మీద ఆశ పెట్టుకోవద్దు.

ఎవరికి ఏది

ఎక్స్‌ప్రెస్ నడపడం ఇష్టం, స్టేషన్లో లూప్‌లోకి వెళ్లడానికో దాటింపు కోసమో అప్పుడప్పుడూ పాయింట్ మారిస్తే చాలనుకుంటే, ఓపెన్ రైల్స్, జి కీ, ఎఫ్8 ఎప్పుడూ తెరిచే ఉంచండి. లూప్‌లోకి మళ్లేటప్పుడు వేగం సంగతి మర్చిపోకండి. మన దగ్గర చాలా స్టేషన్లలో లూప్‌కి 30 కిలోమీటర్లే పరిమితి, కొన్నిచోట్ల 15. పాయింట్ సరిగ్గా వేసి, 80లో లోపలికి వెళ్తే లాభం లేదు.

గూడ్స్ షంటింగే ప్రాణం అనేవాళ్లకి ఓపెన్ రైల్స్‌లో ఆల్ట్ + క్లిక్, లేదా ట్రెయిన్జ్ బాణాలు. ఈ రెండిటి మధ్య నేను ఇప్పటికీ ఊగిసలాడతాను. కప్లింగ్, బ్రేకు పైపులు, గాలి ఒత్తిడి ఇవన్నీ పట్టించుకునేవాళ్లయితే ఓపెన్ రైల్స్ వైపు మొగ్గుతాను. వ్యాగన్లు తీసి పెట్టి లైన్లు సర్దడమే ఆనందం అయితే ట్రెయిన్జ్.

చిన్నపిల్లలతో కలిసి ఆడతారా? ఆలోచించకుండా ట్రెయిన్జ్. బాణం రంగు చూసి నొక్కడం మీ అమ్మాయికి గానీ అబ్బాయికి గానీ ఒక్క నిమిషంలో వచ్చేస్తుంది.

రైలు లోపల కూర్చున్న అనుభూతి కావాలి, డబ్బూ మంచి కంప్యూటరూ ఉన్నాయి అంటే ట్రెయిన్ సిమ్ వరల్డ్. బ్రిటన్, జర్మనీ, అమెరికా రూట్లు లెక్కలేనన్ని కావాలి, కంప్యూటర్ మధ్యరకం అంటే క్లాసిక్.

ఖర్చు పెట్టే ఉద్దేశం అసలు లేనివాళ్లు ఎంచుకోవాల్సింది ఒక్కటే ఉంది, ఓపెన్ రైల్స్. మైక్రోసాఫ్ట్ ఆట మీ దగ్గర లేకపోయినా విడిగా నడిచే రూట్లు దొరుకుతాయి.

కీబోర్డు తెచ్చే చిక్కులు

కీ పనిచేయట్లేదు అని నా దగ్గరికి వచ్చిన ఫిర్యాదుల్లో సగానికి ఆటతో సంబంధమే ఉండదు. ల్యాప్‌టాప్‌లో ఎఫ్8 నొక్కితే స్విచ్ విండో రాకుండా సౌండో వెలుతురో మారుతుంది. పై వరుస కీలు అలా అమర్చి ఉంటాయి. ఎఫ్‌ఎన్ కీ పట్టుకుని నొక్కండి, లేదా ఎఫ్‌ఎన్ లాక్ ఉంటే వేసేయండి.

తెలుగులో టైపు చేసేవాళ్లకి ప్రత్యేకంగా ఒక మాట. విండోస్‌లో తెలుగు కీబోర్డు ఆన్‌లో ఉండిపోతే కొన్ని ఆటలకి జి బదులు తెలుగు అక్షరం అందుతుంది, ఆట ఏమీ పట్టనట్టు ఊరుకుంటుంది. ఆట తెరిచే ముందు విండోస్ కీ + స్పేస్ నొక్కి ఇంగ్లీషుకి మార్చుకోండి. ఎడమ ఆల్ట్ + షిఫ్ట్ కలిపి నొక్కితే భాష మారిపోయే అమరిక చాలా కంప్యూటర్లలో ఉంటుంది. ఓపెన్ రైల్స్‌లో ఆల్ట్ + క్లిక్ చేస్తూ, వెంటనే షిఫ్ట్ + జికి వెళ్లేవాళ్ల చేతిలో ఇది తెలియకుండానే జరిగిపోతుంది. ఆ సత్వరమార్గాన్ని విండోస్ సెట్టింగుల్లో తీసేస్తే ఒక పీడ వదులుతుంది.

షిఫ్ట్‌ని వరుసగా ఐదుసార్లు తడితే స్టిక్కీ కీస్ అడుగుతూ ఒక పెట్టె వచ్చి ఆట మీద కూర్చుంటుంది. షంటింగ్ మధ్యలో ఆలోచిస్తూ షిఫ్ట్ మీద వేలు ఆడించే అలవాటు ఉంటే, దాన్నీ ముందే ఆపేయండి.

మొదటి సాయంత్రం సాధన చేయడానికి మైక్రోసాఫ్ట్ ఆటలోనే వచ్చిన జపాన్ హిసాత్సు లైన్ కంటే మంచి చోటు నాకు తెలియదు. క్యుషు కొండల్లో ఓకోబా, మాసాకి అనే స్టేషన్లలో బండి నేరుగా ఎక్కలేదు. లోపలికి వెళ్లి ఆగి, వెనక్కి నడిచి, వేరే లైన్ మీదుగా పైకి వెళ్లాలి. లోపలికి వచ్చేటప్పుడు దాటిన పాయింటే, వెనక్కి వెళ్లేటప్పుడు ఎదురు పాయింట్ అవుతుంది. ముందు, వెనక అనే తికమక ఒక్కరోజులో వదిలిపోతుంది. రైలు పొట్టిది కాబట్టి తోక పాయింట్ దాటిందో లేదో బయటి కెమెరాలో ఇట్టే తెలుస్తుంది.

మా మేనల్లుడిని మర్నాడు అక్కడే కూర్చోబెట్టాను. ఓకోబాలో బండి ఆపాడు. ఎఫ్8 తెరిచాడు. కింది బొమ్మ ఇంకా ఎర్రగా ఉంది, చివరి బోగీ పాయింట్ మీదే ఉంది. రెండు మీటర్లు ముందుకి జరిపి ఆగాడు. బొమ్మ ఆకుపచ్చ అయింది. షిఫ్ట్ + జి ఒక్కసారే నొక్కి, వేలు తీసేసి, విండో వైపు చూశాడు. “పడింది మావయ్యా” అని రివర్సర్ మీద చేయి వేశాడు.